తేదీ ముందే తెలియని పండుగకు వెళ్లడం

వసంతంలో ఏదైనా పూల పండుగ చూడాలనిపిస్తే మనలో చాలామంది ముందుగా చేసే పని క్యాలెండర్ తిప్పడం. తేదీ చూసుకుని, సెలవు పెట్టి, రైలుకు రిజర్వేషన్ చేయించి, ఆ తర్వాత మిగతా సంగతులు ఆలోచిస్తాం. భద్రాచలం ఏజెన్సీలో కోయలు చేసుకునే ఇప్పపూల పండుగకు ఈ వరస పనికిరాదు. దుమ్ముగూడెం మండలంలో పక్కపక్కన ఉన్న రెండు గూడేలు కూడా ఒకే రోజు పండుగ చేసుకోవాలని లేదు. ఇప్పచెట్టు ఆకు రాల్చి, మొగ్గ తొడిగి, పువ్వు రాలే వేళ దగ్గర పడిందని చూసుకున్నాక ఊరి పెద్దలూ పూజారీ కూర్చుని రోజు ఖాయం చేస్తారు. ఫాల్గుణం నుంచి చైత్రం దాకా, అంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో, అది ఎప్పుడైనా కావచ్చు. మబ్బు పట్టినా, అకాల వాన పడినా, ఊళ్లో ఎవరైనా కన్నుమూసినా రోజు మారిపోతుంది.

తేదీ మన చేతిలో లేనప్పుడు సిద్ధం కావడమెలాగన్నదే ఈ అధ్యాయంలో సంగతి. ఉద్యోగంలో, పిల్లల చదువుల్లో, పెద్దల ఆరోగ్యంలో ఇలాంటి పరిస్థితి మనకు తరచూ ఎదురవుతుంది. అప్పుడు మనం చేసేది కంగారు పడటమో, అసలు ఆ పనే మానుకోవడమో. ఈ పండుగకు ఒకసారి సరిగ్గా వెళ్లివస్తే ఆ రెండూ కాని మూడో దారి ఒంటికి పడుతుంది. అందుకే దీన్ని గాలిలో చెప్పకుండా బస్సులతో, దారులతో, ఎండతో సహా చెబుతాను.

ముందు పండుగ ఏమిటో తెలియాలి. కోయల ఏడాదంతా కొత్త పంటల, కొత్త పూతల చుట్టూ తిరుగుతుంది. చిక్కుడుకాయకు, మామిడికాయకు, ఇప్పపువ్వుకు, వానలకు ముందు నేలకూ విత్తనానికీ వేర్వేరుగా పండుగలు ఉన్నాయి. పండుగ చేసి వేల్పులకు, గతించిన పెద్దలకు మొదటి వాటా పెట్టనిదే కొత్తది నోట పెట్టరు. ఇప్పపువ్వు విషయంలో ఈ కట్టుబాటుకు మరింత బరువుంది, ఎందుకంటే అది తిండి, మందు, సారా, చేతిలో నాలుగు రూపాయలు కూడా. పొలం పనులు లేని నెలల్లో ఇంటిని నడిపేది ఈ పువ్వూ, దాని వెనకే వచ్చే తునికాకూ. పండుగ రోజు ముత్యాలమ్మ దగ్గరో, ఊరి వేల్పు దగ్గరో పువ్వు పెట్టి, కోడిని కోసి, పెద్దలను తలుచుకుంటారు. తర్వాత డోళ్లు మోగుతాయి, ఆడవాళ్లు భుజాల మీద చేతులు వేసుకుని రేల ఆట కడతారు. పద్ధతిలో ఊరూరికీ తేడా ఉంటుంది. గట్టును బట్టి, అంటే మూడో గట్టు, ఐదో గట్టు అని వాళ్లు చెప్పుకునే వంశాలను బట్టి, కొలిచే వేల్పు కూడా మారుతుంది. ఒక ఊళ్లో చూసింది ఇంకో ఊళ్లో ఉంటుందని అనుకోవద్దు.

కాబట్టి మొదటి పని మనిషిని సంపాదించుకోవడం. పండుగ రోజు చెప్పేది బోర్డు కాదు, పేపరు కాదు. ఆ ఊరి బడిలో పనిచేసే టీచరు, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ ఆయా, బస్టాండులో షేర్ ఆటో నడిపే కుర్రాడు, సంతలో చింతపండు అమ్మే అక్క, వీళ్లలో ఒకరితో జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే పరిచయం పెట్టుకోండి. భద్రాచలం దాకా ఏదో ఒక పని మీద వెళ్లే వాళ్లు మీ బంధువుల్లో ఉండే ఉంటారు, వాళ్ల ద్వారా కదిలించండి. ఫోన్‌లో మాట ఇలా సాగుతుంది:

"పెద్దయ్యా, ఇప్పపూల పండుగ ఎప్పుడు పెట్టుకున్నారు?"

"ఇంకా అనుకోలేదు సారూ. చెట్టు చూసి చెప్తాం."

"మేం రావచ్చా?"

"రండి, దాందేముంది. ముందు పెద్దల్ని అడగాలె."

ఈ చివరి మాటను తేలిగ్గా తీసుకోకండి. పెద్దలు ఒప్పుకున్నారని కబురు వచ్చేదాకా మీకు పిలుపు అందినట్టు కాదు. ఇది ఐదో షెడ్యూల్ ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం ఇక్కడి ఆచారాల మీద, ఉమ్మడి వనరుల మీద గ్రామసభ మాటకు విలువనిచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం ఇప్పపువ్వులాంటి చిన్నతరహా అటవీ ఫలసాయం మీద అడవిబిడ్డల హక్కును రాసి ఇచ్చింది. చట్టం లేకపోయినా పిలవని ఇంటికి పండుగ పూట వెళ్లం కదా. పొలిమేరలో కారు ఆపి కెమెరా తీసేవాళ్ల వల్ల ఆ తర్వాత వచ్చే పది మందికి తలుపు మూసుకుంటుంది. ఈ విషయంలో నేను మెత్తగా చెప్పలేను. పిలుపు రాకపోతే ఆ ఏడాదికి మానుకోండి.

పిలుపు వస్తుందన్న నమ్మకం ఉన్నప్పుడు సెలవును ఒకే రోజుకు కట్టేయకండి. రెండు వారాల్లో ఎప్పుడైనా మూడు రోజులు తీసుకుంటానని ఆఫీసులో ముందే మాట్లాడి పెట్టుకోండి. రైలు కన్నా బస్సు నయం, చివరి నిమిషంలో కూడా సీటు దొరికే వీలుంటుంది. బ్యాగు సర్ది ఉంచండి. కబురు తెల్లారి వచ్చినా సాయంత్రం బస్సెక్కగలగాలి. ఇంట్లో ముసలివాళ్లను చూసుకోవడానికి, పిల్లలను బడికి పంపడానికి ఎవరు ఉంటారో ఒప్పందం చేసుకోండి. మనిషి అనిశ్చితిని తట్టుకోలేకపోవడానికి సగం కారణం ధైర్యం లేకపోవడం కాదు, ఇలాంటి చిన్న ఏర్పాట్లు ముందు చేసుకోకపోవడం. ఆ ఏర్పాట్లు అయిపోయాక ఎదురుచూపు బరువనిపించదు.

ఇక దారి. హైదరాబాద్ నుంచి భద్రాచలం మూడు వందల కిలోమీటర్లకు పైచిలుకు. ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా రాత్రి బస్సులు తెల్లారేసరికి దింపుతాయి. రైలెక్కేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. భద్రాచలం రోడ్ అన్న స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో, భద్రాచలం ఊరికి అక్కడి నుంచి ఇంకా 40 కిలోమీటర్లు. స్టేషన్ బయట అర్ధరాత్రి దిగి గుడి ఎక్కడని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. విజయవాడ నుంచి వచ్చేవాళ్లకు తిరువూరు, కొత్తగూడెం మీదుగా జాతీయ రహదారి 30 ఉంది. రాజమండ్రి వైపు నుంచైతే మారేడుమిల్లి ఘాటు ఎక్కి చింతూరు మీదుగా రావచ్చు, కానీ ఆ ఘాటును పగటిపూటే దాటండి.

సారపాక దాటి 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన గోదావరి వంతెన మీదుగా భద్రాచలం చేరతారు. పక్కన ఇప్పుడు రెండో వంతెన కూడా ఉంది. భద్రాచలం నుంచి గోదావరి ఎడమ ఒడ్డునే ఎగువకు, చర్ల వెళ్లే రోడ్డు మీద, సుమారు 25 కిలోమీటర్లు వెళితే దుమ్ముగూడెం. అదే దారిన ఇంకొంచెం ముందుకెళ్తే పర్ణశాల. చర్ల, వెంకటాపురం వెళ్లే ఆర్టీసీ బస్సులు, పర్ణశాల బస్సులు ఈ దారినే పోతాయి. లక్ష్మీనగరంలో దిగితే లోపలి గూడేలకు ఆటోలు దొరుకుతాయి. చీకటి పడ్డాక దొరకవు. కాబట్టి తిరుగు ప్రయాణం ఎవరి ఆటోలోనో పొద్దున్నే మాట్లాడి పెట్టుకోండి, డ్రైవర్ నంబరు కాగితం మీద రాసుకోండి. సిగ్నల్ పోయే చోట్లు చాలా ఉన్నాయి.

ఫోన్ మ్యాపు చూసుకుంటూ వెళ్లేవాళ్లు ఒకచోట తికమక పడతారు. తెలంగాణలో బయల్దేరి తెలంగాణలోకే వెళ్తున్నా మధ్యలో ఎటపాక దగ్గర ఆంధ్రప్రదేశ్ బోర్డులు కనిపిస్తాయి. దీని వెనక ఒక చరిత్ర ఉంది. భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండి, తర్వాత ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం ముంపు పేరిట భద్రాచలం పట్నాన్ని ఉంచి చుట్టూ ఉన్న గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. 2016లో భద్రాద్రి కొత్తగూడెం కొత్త జిల్లా అయింది. దుమ్ముగూడెం తెలంగాణలోనే మిగిలింది. ఊళ్లు, చుట్టరికాలు, సంతలు మాత్రం ఈ గీతలను పట్టించుకోవు. మీరూ పట్టించుకోనక్కర్లేదు, దారి సరైనదే. ఎగువన ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ఉంది కాబట్టి పోలీసు తనిఖీలు మామూలు. గుర్తింపు కార్డు జేబులో ఉండాలి. ఎవరి ఊరికి, ఎవరి పిలుపు మీద వెళ్తున్నారో అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. డ్రోన్ తీసుకెళ్లకండి.

ఒక్క తేదీ మాత్రం ముందే చూసుకోండి, అది శ్రీరామనవమి. ఇప్పపువ్వు రాలే రోజులూ సీతారాముల కల్యాణమూ ఒకే కాలంలో పడతాయి. ఫాల్గుణ పౌర్ణమికే గుడిలో తలంబ్రాలు కలిపి పెళ్లి పనులు మొదలుపెడతారు. నవమి నాడు మిథిలా స్టేడియంలో కల్యాణం, మర్నాడు పట్టాభిషేకం. ఆ రోజుల్లో భద్రాచలంలో గది దొరకదు, వంతెన మీద బండి కదలదు, పర్ణశాల దారి కిటకిటలాడుతుంది. రెండూ చూడాలనుకునేవాళ్లు నవమికి ముందో తర్వాతో రెండు రోజులు ఎడం పెట్టుకోవాలి. రెండింటినీ ఒకే పూటలో ఇరికిస్తే ఏదీ దక్కదు.

భద్రాచలం చేరాక కూడా ఒకటి రెండు రోజులు ఆగాల్సి రావచ్చు. ఈ ఆగడాన్ని వృథా అనుకోకండి. దుమ్ముగూడెంలో గోదావరికి అడ్డంగా ఇంగ్లీషువాళ్లు కట్టిన పాత ఆనకట్ట ఉంది. నదిలో పడవలు పైకి మధ్య భారతం దాకా నడపాలన్నది ఆర్థర్ కాటన్ ఆలోచన. రాళ్లు అడ్డుపడే చోట్ల ఆనకట్టలు, లాకులు కట్టి దారి చేయాలని 1860ల్లో పని సాగించారు, 1871లో ఆపేశారు. ఎండాకాలంలో నీళ్లు తగ్గి రాతికట్టు బయటపడుతుంది, సాయంత్రం పూట దాని పక్కన నిలబడి చూస్తే అంత పెద్ద పని మధ్యలో ఆగడం అంటే ఏమిటో అర్థమవుతుంది. పర్ణశాలలో సీతవాగు, రాళ్ల మీద నారచీర గుర్తులని చెప్పేవి చూడవచ్చు. నది అవతల మణుగూరు మండలం కూనవరం. సమ్మక్క సారలమ్మ కథ డోలుతో పాడి 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య ఊరది. కోయల వంశాల కథలు పుస్తకాల్లో కన్నా, డోలు కొట్టి కథ పాడే డోలీల గొంతులో ఎక్కువ కాలం బతికాయి. పండుగలో డోలు వినబడినప్పుడు ఆ శబ్దం వెనక ఏముందో ఈ ఎదురుచూపు రోజుల్లోనే కాస్త తెలుసుకోండి.

పండుగ పూటకన్నా నాకు ఎక్కువ ఇష్టమైనది దాని తర్వాతి తెల్లవారుజాము. ఇప్పపువ్వు రాత్రి విచ్చుకుంటుంది, చీకటి ఉండగానే రాలడం మొదలవుతుంది. మూడున్నర, నాలుగుకల్లా ఆడవాళ్లు, పిల్లలు బుట్టలు పట్టుకుని బయల్దేరతారు. చెట్టు కింద ఆకు ఊడ్చి శుభ్రం చేసిన నేల మీద మీగడ రంగు పూలు పరుచుకుని ఉంటాయి. రేకులు విడివిడిగా ఉండవు, పువ్వంతా ఒకే గుండ్రటి కండగల తొడుగు, వేళ్ల మధ్య నొక్కితే తియ్యటి జిగురు. వాసన కొందరికి ఘాటుగా అనిపిస్తుంది, పావుగంటలో అలవాటవుతుంది. వంగి ఒక్కో పువ్వూ ఏరుతూ ఉండగానే తల మీద, వీపు మీద టపటపా ఇంకా రాలుతూనే ఉంటాయి. ఎండ ఎక్కేలోపు బుట్ట నిండాలి. ఇంటి ముందు చాపల మీద మూడు నాలుగు రోజులు ఆరబోస్తే పువ్వు ముడుచుకుని ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుంది. అప్పటికి బరువు సగానికన్నా బాగా తగ్గిపోతుంది. సంతలో తూకం వేసేది ఆ ఎండు పువ్వునే. వాన చినుకు పడితే నాలుగు రోజుల కష్టం బూజు పట్టిపోతుంది.

ఇది చూడాలనుకుంటే ఆ ఇంటివాళ్లతోనే వెళ్లండి, ఒంటరిగా అడవిలోకి వెళ్లకండి. ఎలుగుబంటికి కూడా ఇప్పపువ్వంటే ప్రాణం, చీకట్లో పూలేరుకునేవాళ్ల మీద పడ్డ సంఘటనలు ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట వింటూనే ఉంటాం. ఎవరి చెట్టు ఎవరిదో ఊరికి తెలుసు. నేల మీద పడి ఉంది కదా అని గుప్పెడు పూలు జేబులో వేసుకోకండి. అడిగితే వాళ్లే పెడతారు. పైగా మీ చెయ్యి ఊరికే వేలాడుతూ ఉండటం కన్నా ఒక బుట్ట అడిగి తీసుకుని ఏరడం మంచిది. గంటసేపు ఏరితే నడుము చెప్పే మాట ఏ వ్యాసమూ చెప్పలేదు. బీడీ, సిగరెట్ అలవాటున్నవాళ్లు ఆ పూట మానుకోవాలి. ఎండుటాకుల అడవికి ఒక్క నిప్పురవ్వ చాలు.

దారిలో తాడు కట్టిన ఆడవాళ్లు కనిపించవచ్చు. వానలకు ముందు వచ్చే భూమి పండుగ రోజుల్లో మగవాళ్లు వేటకు వెళ్తే, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడో వెదురు కర్రో పట్టుకుని, పాట పాడుతూ వచ్చే బండ్లను ఆపి డబ్బులు అడుగుతారు. మిగతా పండుగల్లోనూ అక్కడక్కడా ఈ సందడి ఉంటుంది. పట్నం నుంచి వచ్చినవాళ్లు దీన్ని వసూళ్లనుకుని హారన్ కొడతారు, అద్దాలు ఎక్కించుకుంటారు. ఆ పని చేయకండి. బండి ఆపి, దిగి, పాట పూర్తిగా విని, పదో ఇరవయ్యో చేతిలో పెట్టండి. చిల్లర నోట్లు కట్టగా తెచ్చుకుంటే ఈ పది నిమిషాలు ప్రయాణంలో అందమైనవి అవుతాయి. అక్కడ పెట్టిన డబ్బు ఊరి పండుగ ఖర్చులో కలుస్తుంది.

ఊళ్లోకి వెళ్లాక ముందు పెద్దను కలవండి. పటేల్ ఎవరు, పూజారి ఎవరు అని అడిగి ఆయన ఇంటి ముందు కూర్చోండి. వట్టి చేతులతో వెళ్లొద్దు. బియ్యం, మంచినూనె, టీ పొడి, పంచదార లాంటివి వంట ఇంట్లోకి పనికొస్తాయి, ఆ ఇంటి అమ్మ చేతికివ్వండి. పిల్లలకు చాక్లెట్లు పంచుతూ ఫొటోలు తీయడం, పాత బట్టల మూటలు తేవడం మర్యాద కాదు, వాళ్లు మన దగ్గర చెయ్యి చాచిన మనుషులు కారు. వేల్పు దగ్గర ఎక్కడ చెప్పులు విడవాలో, ఎక్కడి దాకా పరాయివాళ్లు రావచ్చో అడిగి తెలుసుకోండి. పూజారికి పూనకం వచ్చినప్పుడు, కోడిని కోసేటప్పుడు కెమెరా సంచిలో ఉండాలి. ఆటలో మిమ్మల్ని చెయ్యి పట్టి లాగితే సిగ్గుపడకండి, అడుగు రాకపోయినా వరుసలో కలవండి. లాగకపోతే పక్కన కూర్చుని చూడండి.

సారా సంగతి చాలామంది నన్ను విడిగా పిలిచి అడుగుతారు. ఇప్పసారా ముందు వేల్పుకు, పెద్దలకు వారపోసేది. ఆ తర్వాత ఆకుడొప్పలో మీ చేతికి వస్తే, తాగే అలవాటుంటే ఒక గుక్క తీసుకోండి, లేకపోతే రెండు చేతులతో అందుకుని, కళ్లకద్దుకుని, పక్కన ఉన్న పెద్దాయనకు ఇచ్చేయండి. ఎవరూ తప్పు పట్టరు. సీసాలో పోయించుకుని వెంట తెచ్చుకోవడం, డబ్బిచ్చి కాయించుకోవడం మాత్రం చేయకండి. నాటుసారా మీద ఎక్సైజ్ నిఘా ఉండే ప్రాంతమిది, మీరు వెళ్లిపోయాక చిక్కుల్లో పడేది ఆ ఇల్లే. రుచి తెలుసుకోవాలంటే ఎండు పువ్వును దోరగా వేయించి, నువ్వులు, బెల్లంతో దంచిన ఉండలు అడగండి. ఇంటికి తెచ్చుకోవడానికి కిలో, రెండు కిలోల ఎండు పువ్వు ఆ ఇంటి దగ్గరే కొనండి, సంతలో పలికే ధర కనుక్కుని అంతకు తగ్గకుండా ఇవ్వండి. గిరిజన సహకార సంస్థ కూడా ఇప్పపువ్వు కొంటుంది, కాబట్టి ధర వాళ్లకు బాగా తెలుసు, బేరమాడితే మీ పరువే పోతుంది. తెచ్చాక గాలి చొరని డబ్బాలో పెట్టండి, తడి తగిలితే పులుస్తుంది.

ఒంటి జాగ్రత్త కూడా చెప్పాలి. ఏప్రిల్‌లో గోదావరి ఒడ్డున ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. పది దాటితే నీడన ఉండండి, మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు వెంట పెట్టుకోండి. నూలు బట్టలు, తలగుడ్డ, కాలికి బూట్లు. ఏజెన్సీలో మలేరియా ఇంకా పోలేదు, రాత్రి గూడెంలో పడుకుంటే దోమతెర తప్పనిసరి. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకు ముందే చెప్పండి. భద్రాచలంలో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది, అవసరం పడితే అక్కడికి చేరడానికి ఏ బండి దొరుకుతుందో ఊళ్లోకి వెళ్లగానే అడిగి ఉంచుకోండి. గుండె జబ్బు, షుగర్ ఉన్నవాళ్లు భద్రాచలంలోనే గది తీసుకుని తెల్లవారుజామున బయల్దేరి పది గంటలకు తిరిగి రావడం మేలు. ఇలా చేసినా పండుగలో సగం చూడవచ్చు.

అన్నీ కుదిరి వెళ్లాక కూడా పండుగ రెండు రోజులు వాయిదా పడిందని చెప్పవచ్చు. అప్పుడు ఎందుకు, ఎవరు మార్చారు అని ఆరా తీయకండి. ఊళ్లో దుఃఖం ఉండి ఉండవచ్చు, పెద్దకు ఒంట్లో బాగుండకపోయి ఉండవచ్చు. మీకు ఉన్న మూడు రోజుల్లో కుదిరితే ఉండండి, కుదరకపోతే తెచ్చిన బియ్యం, నూనె ఇచ్చి, వచ్చే ఏడు వస్తామని చెప్పి రండి. తీసిన ఫొటోలు ఉంటే ప్రింట్లు వేయించి పోస్టులో కాకుండా వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపండి. మే నెలాఖరులో ఒకసారి ఫోన్ చేయండి. అప్పటికి తునికాకు కోత ముగిసి, ఇప్పకాయ ముదురుతూ, భూమి పండుగ ఏ రోజన్నది మాట్లాడుకుంటూ ఉంటారు.